పిచ్చుక కంచం

జనవరి 6, సోమవారం

పిండి మిల్లు వాళ్లు ఏటా ఒక డైరీ ఇస్తారు. ఏటా దాన్ని చింపి బట్టీ రాజేస్తాను. ఈసారి రాజేయను. ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు, నేను మాట్లాడదలుచుకున్నవాళ్లు ఇంకా తగ్గిపోయారు. మాట లోపల పెట్టుకుంటే నాకు అరగదు. నా చదువు మూడో తరగతి. అక్షరాలు వంకర. చదివేది నేనొక్కణ్ణే కాబట్టి ఫరవాలేదు.

సంగతేమిటంటే, నా మనవరాలికి రొట్టె పడదట.

మాది రొట్టెల బట్టీ. కింద బట్టీ, పైన ఇల్లు. మా నాన్న కాల్చాడు, నేను కాలుస్తున్నాను, నా కొడుకు వ్యానులో వేసుకుని దుకాణాలకి తిప్పుతాడు. ఆ పిల్ల ఉయ్యాల గోధుమపిండి బస్తాల పక్కన ఊగింది. దానికి గోధుమ పడదని నిన్నగాక మొన్న వచ్చిన డాక్టరమ్మ చెప్పింది.

పిల్ల ఎదగడం లేదన్నది నిజం. ఏడేళ్లొచ్చినా ఐదేళ్ల పిల్లలా ఉంటుంది. అందరం పిచ్చుక అనే పిలుస్తాం. పొట్ట ముందుకి, కాళ్లు చేతులు పుల్లలు. తిన్నది నిలవదు. ఒంట్లో రక్తం లేదు. రక్తం పరీక్ష చేశారు, తర్వాత నోట్లోంచి గొట్టం దింపి పేగు చూశారు.

"గోధుమలో ఒక జిగురు ఉంటుంది పెద్దాయనా. అది లోపలికి వెళ్లగానే పాప ఒళ్లు పొరబడి తన పేగునే తను కొరుక్కుంటోంది. దీనికి మందు లేదు, మానేయడమే మందు. గోధుమ, బార్లీ, రై అనే గింజ, ఏదీ రవ్వంత కూడా వద్దు. జీవితాంతం."

"తనని తనే కొరుక్కోవడమేంటమ్మా? కుక్కా, తోకా?" అన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. కోడలు నవ్వలేదు.

రక్తసంబంధం ఉన్నవాళ్లందరూ పరీక్ష చేయించుకోవాలంది. అబ్బాయి, కోడలు అప్పటికే చేయించుకున్నారు, ఏమీ లేదు. నేను ఇవ్వనన్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రొట్టె తిని బతికినవాణ్ణి. మా వంశంలో ఇలాంటివి లేవు.

జనవరి 7, మంగళవారం

పొద్దున్నుంచి కడుపు బాగాలేదు. ఆసుపత్రి నీళ్లు.

జనవరి 12, ఆదివారం

కోడలు ఇంటికి కొత్త చట్టాలు తెచ్చింది. ఆమె బస్టాండులో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చుంటుంది. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పదు. వినపడకపోతే బస్సు వెళ్లిపోయినట్టే.

పిచ్చుకకి వేరే కంచం. అంచున గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టింది. వేరే గ్లాసు, వేరే గరిటె, వేరే అలమర. ఇంకెవరూ అవి ముట్టుకోకూడదు. నేను పని దిగి పైకెక్కేముందు మెట్ల కింద కుళాయి దగ్గర చేతులూ మొహం కడుక్కోవాలి, చొక్కా మార్చుకోవాలి.

"నా ఇంట్లోకి నేను చొక్కా విప్పి ఎక్కాలా?" అన్నాను.

"విప్పి ఇంకోటి తొడుక్కుని ఎక్కండి మామయ్యా. విప్పి ఊరుకోమని ఎవరన్నారు?"

అబ్బాయి కంచంలో మొహం పెట్టుకుని నవ్వాడు. వాడికి సిగ్గు లేదు.

"మీరు మర్చిపోతారని నా భయం" అందామె.

"నేను మర్చిపోతానేమో గానీ నా చేతులు మర్చిపోవమ్మాయ్" అన్నాను. ఉన్నమాటే. ముద్దని చెక్క పార మీద పెట్టి బట్టీలోకి తొయ్యాలంటే ముందు పార మీద గుప్పెడు పిండి చల్లాలి, లేకపోతే అంటుకుని చస్తుంది. ఆ పిండి డబ్బా బట్టీ నోటికి కుడి పక్కన ఉంటుంది. మా నాన్న పెట్టిన చోటే. నా కుడి చెయ్యి దానంతటదే అందులోకి పోతుంది, చల్లుతుంది, వెనక్కి వస్తుంది. నన్ను అడగదు. అదీ పనంటే.

భోజనాల దగ్గర పిచ్చుక బల్ల చివర ఒక్కతే కూర్చుంది. మేం రొట్టె తుంచుతుంటే మా చేతులే చూస్తోంది.

"తాతా, నా కంచంలో ఇంకెవ్వరూ తినరా?"

"తినరమ్మా. అది రాణీగారి కంచం."

"రాణీ అయితే ఒక్కతే తినాలా?"



జనవరి 19, ఆదివారం

మొదటి వాయి తీస్తుంటే పిచ్చుక వచ్చి మెట్ల మీద కూర్చుంది. అడగలేదు. అడిగితే తిట్టి పంపేవాణ్ణి. కళ్లు మూసుకుని వాసన పీల్చింది, అంతే. మూల ముక్క విరిచాను. గోరంత. దాన్ని తిండి అనరు.

జనవరి 20, సోమవారం

పిల్లని మధ్యాహ్నమే బడి నుంచి తీసుకొచ్చారు. వాంతులు. మోకాళ్లు పొట్టలోకి లాక్కుని మంచం మీద రొయ్యలా ముడుచుకుంది. పిలిస్తే పలకదు.

"ఏం తిన్నావే?" అంది కోడలు.

"ఏం లేదు."

"తాత ఏమైనా పెట్టాడా?"

"లేదు."

అబద్ధం ఆ పిల్లకి కొత్త. గోడ వైపు తిరిగి చెప్పింది. కోడలు నా వైపు తిరిగింది. బడిలో ఎవరి డబ్బాలోదో తిని ఉంటుందన్నాను. తిని ఉంటుంది కూడా. పిల్లలు అన్నీ పంచుకుంటారు.

జనవరి 21, మంగళవారం

ఇక పెట్టను. ఇక్కడ రాశాను, చాలు. ఎవరికీ చెప్పే పని లేదు.

జనవరి 24, శుక్రవారం

మోచేతుల మీద మళ్లీ పొక్కులు. దురద. చలికాలంలో కూడా బట్టీ వేడి తగ్గదు కదా.

ఫిబ్రవరి 9, ఆదివారం

పట్టణంలో అమ్మే గోధుమ లేని రొట్టె కోడలు కొనుక్కొచ్చింది. నొక్కితే స్పాంజి, నమిలితే సుద్దముక్క. పిచ్చుక రెండు కొరుకులు కొరికి కంచం పక్కకి జరిపింది. రొట్టెలవాడి మనవరాలు అంగడి రొట్టె తినడమా? నేను బతికే ఉన్నాను.

"నేను చేస్తాను" అన్నాను.

"ఆ దుమ్ములోనా?" అంది కోడలు.

"ఇకనుంచి ఆదివారం బట్టీకి సెలవిస్తాను. అంతా కడుగుతాను. కొత్త బేసిను, కొత్త గరిటె, కొత్త పార. బియ్యప్పిండి నువ్వే తెచ్చి నీ చేత్తో పోయి. ఇంకేం కావాలి?"

నా గోళ్ల వైపు చూసింది. "పిండి జారుగా కలిపి రేకు డబ్బాలో పోసి పై వంటింట్లో చెయ్యకూడదా?"

"డబ్బాలో పోసేది రొట్టె కాదమ్మాయ్. రొట్టె అంటే చేత్తో కట్టి బట్టీలో కాల్చేదే."

ఫిబ్రవరి 16, ఆదివారం

బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి. ఇటుక వచ్చింది. నాతో పనిచేసే పొట్టోడికి అరవై దాటాయి, వాడు దాన్ని తలుపుకి అడ్డం పెట్టి, "అన్నా, గాలికి కొట్టుకోవట్లేదు, భలే పనికొచ్చింది" అన్నాడు. వాణ్ణి బయటికి పంపేశాను.

బియ్యప్పిండికి జిగురు లేదు. పట్టుకున్నట్టే ఉంటుంది, చేతుల్లోంచి జారిపోతుంది. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్లూ నా పనితనం అనుకున్నదాంట్లో సగం ఆ జిగురుదేనని. ఈ ముక్క పొట్టోడికి చెప్పను.

మార్చి 2, ఆదివారం

కడుపు కుదురుకోవడానికి నాకు రాసిచ్చిన ఇసబ్‌గోలు పొట్టు ఉంది. నీళ్లలో వేస్తే జిగురు. దాన్ని కలిపాను. ముద్ద నిలబడింది! కొత్త పార మీద పెట్టి, బట్టీలో కొత్త రేకు పరిచి, దాని మీదికి తోశాను. పైన పగిలింది, రంగొచ్చింది. తడితే లోపల బోలుగా మోగింది.

పిచ్చుక ఎర్ర చుక్క కంచంలో పెట్టుకుని మొత్తం తింది. రాలిన పెచ్చులు కూడా ఏరుకుంది. "తాతా, ఇది టక్ టక్ మంటోంది" అని చెవి దగ్గర పెట్టుకుంది.

కోడలు ఇంకో చెంచా కూర నా కంచంలో వేసింది. ఆమె లెక్కలో అది దండ వేసినట్టే.

మార్చి 9, ఆదివారం

మళ్లీ చేశాను. ఇంకా బాగా వచ్చింది. వారానికి ఒకటి సరిపోతుంది, రోజూ రెండు ముక్కలు తింటుంది.

మార్చి 27, గురువారం

పిల్ల నీరసంగా ఉంది. ఎండలు కదా.

ఏప్రిల్ 8, మంగళవారం

మళ్లీ పొట్ట నొప్పి. బడికి పోలేదు. బరువు పెరగలేదు.

నాకు కూడా బాగాలేదు. ఇద్దరికీ ఒకేసారి అయిందంటే నీళ్లలోనే ఏదో ఉంది. ట్యాంకు కడిగించమని అబ్బాయికి చెప్పాను.

ఏప్రిల్ 17, గురువారం

డాక్టరమ్మ దగ్గరికి నేనూ వెళ్లాను. రక్తంలో ఏదో అంకె ఈపాటికి దిగాలట. దిగలేదు.

"ఎక్కడినుంచో లోపలికి పోతోంది" అంది. "కొంచెమే అయి ఉంటుంది. కానీ విడవకుండా పోతోంది. పేగు మానేలోగా మళ్లీ పుండవుతోంది."

తిరుగుదారిలో వ్యానులో పిచ్చుక నా ఒళ్లో పడుకుంది. బరువే లేదు. పిండి లేని సంచిలా ఉంది.

ఏప్రిల్ 18, శుక్రవారం

కోడలు సెలవు పెట్టి ఇల్లంతా తిరగేసింది. అలమర, బడి డబ్బా, మందుల సీసాలు, పళ్లపొడి. తర్వాత కిందికి దిగింది. బియ్యప్పిండి పొట్లం, బేసిను, గరిటె, రేకు. అన్నీ వేరుగా మూతపెట్టి ఉన్నాయి. కొత్త పార గుడ్డ చుట్టి ఉంది. గోరుతో గీకి కూడా చూసింది. తప్పు దొరకలేదు.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. "అయిందా పోలీసు సోదా?" అన్నాను.

"అయింది. రొట్టెలో తప్పు లేదు. అంటే చేత్తో పెడుతున్నారన్నమాట."

"ఎవరు?"

"ఈ ఇంట్లో పిల్లకి దొంగచాటుగా పెట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారు మామయ్యా?"

"నేను పెట్టలేదు."

"జనవరిలో కూడా పెట్టలేదన్నారు."

"అప్పుడు నేను ఆ మాటే అనలేదు" అన్నాను. అనేశాక తెలిసింది, నోరు జారానని. అబ్బాయి నా మొహం చూశాడు. ఆమె పిచ్చుకని పిలిచి నా ఎదురుగా నిలబెట్టి అడిగింది. "తాత పెట్టాడా?" పిల్ల లేదని ఏడ్చింది. ఈసారి అది నిజం. కానీ అప్పుడూ లేదనే చెప్పింది కదా. ఇక ఎవరు నమ్ముతారు.

ఏప్రిల్ 19, శనివారం

ఆమెతో మాట్లాడను.

ఏప్రిల్ 22, మంగళవారం

బస్టాండు దగ్గర రెండు గదులు మాట్లాడిందట. వచ్చే నెల మొదట్లో పిల్లని తీసుకుని వెళ్లిపోతుంది. అబ్బాయి వచ్చి చెప్పాడు.

"నువ్వూ పోతావా?"

"పిల్ల ఎక్కడుంటే అక్కడే కదా నాన్నా. పనికి వస్తాను, రోజూ వస్తాను."

"పనికి రావడానికి కూలివాళ్లు చాలామంది ఉన్నారు."

"నాన్నా, ఒక్క మాట చెప్పు. పెట్టావా?"

బిగించిన పిడికిలి బల్ల మీద పెట్టాను. వాడు దాన్ని చూసి వెళ్లిపోయాడు. జవాబు చెప్పాల్సింది. అడిగాడు చూడు, అది మింగుడు పడలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

కడుపు బాగాలేదు. ఈ గొడవలు.

ఏప్రిల్ 29, మంగళవారం

పెట్టెలు హాల్లో పెట్టారు. ఎర్ర చుక్క కంచం ఒక్కటే ఇంకా బయట ఉంది.

మే 4, ఆదివారం

ఇది నెమ్మదిగా రాయాలి.

రేపు వెళ్లిపోతారు. చివరి రొట్టె చేస్తానన్నాను. కోడలు పెట్టె సర్దుకుంటూ, వద్దని అనలేదు. రొట్టెలో తప్పు లేదని తనే తేల్చింది కదా.

బట్టీ గది నాపరాళ్లు కడిగాను, రేకు కడిగాను, చొక్కా మార్చాను. పిచ్చుక వచ్చి గుమ్మం అవతల స్టూలు మీద కూర్చుంది. గుమ్మం దాటడానికి వాళ్లమ్మ ఒప్పుకోదు.

"తాతా, కొత్త ఇంట్లో బట్టీ ఉండదట."

"ఉండదు."

"మరి నువ్వు ఆదివారం వస్తావా?"

"చూద్దాం."

"చూద్దాం అంటే రానని."

బియ్యప్పిండి కలిపాను. పొట్టు జిగురు కలిపాను. పిల్ల ప్రతీదీ చూస్తోంది. అది ఎప్పుడూ అంతే, పరీక్ష పెట్టే పంతులమ్మలా చూస్తుంది. ముద్ద కట్టాను. పార గుడ్డ విప్పాను. పార మీద ముద్ద పెట్టాను. తోశాను.

"తాతా, అదేం పిండి?"

"ఏది?"

"ఇప్పుడు చల్లావే. ఆ డబ్బాలోది."

"నేనేం చల్లలేదు."

"చల్లావు. ముద్ద పెట్టేముందు. ఇలా." కుడి చెయ్యి పక్కకి చాచి, గుప్పెడు తీసి, వేళ్లు విదిలించి చూపించింది. అచ్చం నాలాగే. మణికట్టు తిప్పడం కూడా. "ప్రతిసారీ చల్లుతావు కదా. అది నా పిండేనా?"

నా చెయ్యి చూసుకున్నాను. వేళ్ల సందుల్లో తెల్లగా ఉంది. బియ్యప్పిండీ తెలుపే, గోధుమపిండీ తెలుపే. నాలుక మీద పెట్టుకున్నాను. పుట్టినప్పటి నుంచి తెలిసిన రుచి.

వారం వారం. మార్చి నుంచి.

పిల్ల నన్నే చూస్తోంది. మొహం ఎలా పెట్టానో నాకు తెలియదు. మెల్లగా అడిగింది: "అమ్మకి చెప్పకూడదా?"

మే 4, మళ్లీ

అదే నేను దానికి నేర్పిన చదువు.

మే 5, సోమవారం

నిన్న ఆ రొట్టెని బట్టీలోనే మాడనిచ్చాను. పైకి వెళ్లాను. కుళాయి దగ్గర రెండుసార్లు కడుక్కున్నాను. కోడలు పెట్టెకి తాడు కడుతోంది.

"నేనే" అన్నాను.

ఆమె తల ఎత్తింది.

"రొట్టెలోనే ఉంది. పార మీద పిండి చల్లుతున్నాను. చల్లుతున్నట్టు నాకే తెలియదు. జనవరిలో ముక్క కూడా నేనే పెట్టాను, అది తెలిసే పెట్టాను. పిల్లతో అబద్ధం ఆడించాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. తిట్టుకి తిట్టు నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఆమె తాడు వదిలేసి పెట్టె మీద కూర్చుంది.

"ఎవరు చూశారు?"

"పిచ్చుక."

"దాన్ని చెప్పొద్దనలేదా?"

"అదే అడిగింది, చెప్పకూడదా అని. చెప్పమన్నాను. అది ఏడుపు మొదలెట్టింది, అందుకే నేనే వచ్చాను."

ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది. "చొక్కా చేతులు పైకి తియ్యండి మామయ్యా."

"ఎందుకు?"

"తియ్యండి."

మోచేతులు చూసింది. పొక్కులు, గీక్కున్న గీతలు. "మీ కడుపు నొప్పికి కారణం ఆసుపత్రి నీళ్లయ్యాయి, ట్యాంకు నీళ్లయ్యాయి, నేనూ అయ్యాను. మీరు మరుగుదొడ్డికి పరిగెత్తడం ఈ ఇంట్లో ఎవరికీ వినపడదనుకున్నారా? నాకు క్షమాపణలొద్దు. రక్తం ఇవ్వండి."

"ఇస్తే?"

"ఇస్తే పెట్టె విప్పుతాను."

ఇలా బేరం ఆడే మనిషి నా కొట్టు చూసుకోవాల్సింది. టిక్కెట్లు అమ్ముకుంటోంది.

మే 8, గురువారం

రక్తం ఇచ్చాను. మొత్తం తేలేదాకా రొట్టె మానొద్దంది డాక్టరమ్మ. మానేస్తే పరీక్షలో దొరకదట. మోచేతులు చూసి, "ఇది బట్టీ వేడి అని ఎవరు చెప్పారు?" అంది.

"బట్టీ చెప్పింది" అన్నాను.

మూడు పూటలా తింటున్నాను. గట్టి పెచ్చు, మెత్తటి లోపలిభాగం, వేడిగా ఉన్నప్పుడు వచ్చే ఆ పులుపు. మామూలుగా ఇంత జాగ్రత్తగా తినను.

మే 22, గురువారం

గొట్టం వేశారు. మొదట గొంతు పట్టేసింది. పిచ్చుక బయట కూర్చుని వాళ్ల నాన్నతో అందట, "ఏం కాదు, కళ్లు మూసుకుని ముక్కుతో గాలి పీల్చమను, నేను అలాగే చేశాను" అని.

మే 30, శుక్రవారం

ఉంది.

మే 31, శనివారం

ఎన్నేళ్ల నుంచో ఉండి ఉంటుందంది డాక్టరమ్మ. మోచేతులదీ అదే జబ్బు. అబ్బాయి మోసుకొచ్చి ఉంటాడు, వాడికి రాలేదు, పిల్లకి వచ్చింది. నా దగ్గరి నుంచే అని చెప్పలేం, చెప్పకుండానూ ఉండలేం అంది. చదువుకున్నవాళ్లు అలా మాట్లాడతారు. మా వంశంలో లేదన్నాను నేను. మా నాన్న చివరి రోజుల్లో ఎముకల గూడు. అందరూ పనికి అరిగిపోయాడన్నారు.

గోధుమ మానాలి. పిండి దుమ్ములో నిలబడకూడదు. అంటే బట్టీ దిగాలి.

పొట్టోడిని పిలిచి పార చేతికిచ్చాను. "అన్నా, నువ్వు లేకుండా ఎలా?" అన్నాడు.

"నేను ఉండి ఏం చేశానో చూశావుగా" అన్నాను. వాడు పిండి డబ్బా వైపు చూసి తల దించుకున్నాడు. ఆ డబ్బాని మా నాన్న పెట్టిన చోటే ఉండనిమ్మన్నాను. పనికి అది కావాలి. నాకే వద్దు.

జూన్ 15, ఆదివారం

పై వంటింట్లో, గ్యాసు పొయ్యి కింద ఉన్న చిన్న అరలో, డబ్బాలో పోసి చేశాను. డబ్బాకి నూనె రాశాను. రాయగానే చెయ్యి కుడి పక్కకి పోయింది. అక్కడ గోడ ఉంది. పిచ్చుక చూసింది, నవ్వాపుకుంది.

పిల్ల బుగ్గల్లో రంగు వచ్చింది. నిన్న మెట్లు రెండేసి ఎక్కింది. అంకె చూడ్డానికి ఇంకా టైముందట.

భోజనాలకి కూర్చున్నాం. అబ్బాయి, కోడలు ఆ పక్క. నా కంచం లేదు. అడిగేలోగా కోడలు ఎర్ర చుక్క కంచం తెచ్చి నాకూ పిల్లకీ మధ్యలో పెట్టింది.

"మీ కంచం ఇంకా కొనలేదు మామయ్యా. ఇవాళ్టికి సర్దుకోండి."

పిచ్చుక నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. గోళ్లు కూడా. "కడుక్కున్నావా?"

"కడుక్కున్నాను."

"సబ్బుతో?"

"సబ్బుతోనే పంతులమ్మా."

అప్పుడు కంచం నా వైపు జరిపింది. కొరికాను.

"బాగోలేదని మొహం పెట్టకు తాతా. అలవాటైపోతుంది."

డబ్బాలో పోసింది రొట్టె కాదు. ఇటుక. పిచ్చుక సగంలోంచి ఇంకో ముక్క అడిగాను.